చదువుకుంటున్న నర్సు ఉద్యోగం పోతే ఏం చేయాలి?

డ్యూటీ చేస్తూ నర్సింగ్‌లో పై చదువు చదివేవాళ్లకి ఉద్యోగం పోతే జీతం ఆగుతుంది కానీ ఫీజు గడువు ఆగదు. ఆ కంగారులో చాలామంది ముందు చదువు మానేద్దామనుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. అనుభవం ఉన్న నర్సుకి ఇంకో ఉద్యోగం దొరుకుతుంది. మధ్యలో ఆగిన కోర్సుని మళ్లీ మొదలుపెట్టడమే కష్టం.

1. వెంటనే సంతకం పెట్టకండి

"మీరే రాజీనామా ఇచ్చేయండి, రికార్డు బాగుంటుంది" అని ఒత్తిడి చేస్తే ఒకరోజు టైమ్ అడగండి. రాజీనామాగా రాస్తే నోటీసు జీతం, పరిహారం పోయే అవకాశం ఉంది. మీ ఫీజు ఆసుపత్రే కట్టి ఉంటే, అప్పుడు మీరు రాసిచ్చిన బాండ్ (ఒప్పంద) కాగితం తీసి చదవండి. వాళ్లే తీసేసినప్పుడు కూడా ఆ డబ్బు తిరిగి కట్టాలో లేదో అందులో చూడండి. అర్థం కాకపోతే యూనియన్‌నో లాయర్‌నో అడగండి.

2. కాగితాలు తీసుకోండి

రిలీవింగ్ లెటర్, జీతం స్లిప్పులు, శిక్షణ సర్టిఫికెట్లు అన్నీ తీసుకోండి. అనుభవ పత్రంలో "స్టాఫ్ నర్స్" అని మాత్రమే రాసి ఇస్తే సరిపోదు. ఐసీయూ, డయాలసిస్, లేబర్ రూమ్, ఇలా ఏ విభాగంలో ఎప్పటి నుంచి ఎప్పటి వరకు చేశారో రాయించుకోండి. తర్వాతి చోట చూసేది దాన్నే. కేస్ షీట్ల ఫోటోలు, పేషెంట్ల వివరాలు మాత్రం బయటికి తేవద్దు. అది మీ రిజిస్ట్రేషన్‌కే, అంటే నర్సుగా పని చేయడానికి నర్సింగ్ కౌన్సిల్‌లో ఉన్న నమోదుకే ముప్పు.

3. రిజిస్ట్రేషన్ చూసుకోండి

ఉద్యోగం పోయినంత మాత్రాన రిజిస్ట్రేషన్ పోదు. రెన్యువల్ తేదీ చూడండి. కౌన్సిల్ దగ్గర ఆసుపత్రి ఈమెయిల్ ఇచ్చి ఉంటే మార్చండి. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ బీఎల్ఎస్ కార్డు (గుండె ఆగినప్పుడు ప్రాణం కాపాడే ప్రాథమిక శిక్షణ కార్డు) 2 ఏళ్లే చెల్లుతుంది, గడువు దాటనివ్వకండి. ఫిర్యాదు మీద తీసేసి ఉంటే అది కౌన్సిల్ దాకా వెళ్లిందా అని కనుక్కోండి. ఆ ఫిర్యాదుకి జవాబు ఒంటరిగా రాయకండి.

4. కాలేజీకి ఆ వారమే చెప్పండి

అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. సిగ్గుపడి దాచేవాళ్లే ఎక్కువగా నష్టపోతారు. మీ క్లినికల్ పోస్టింగ్ (కోర్సులో భాగంగా పేషెంట్ల దగ్గర చేసే శిక్షణ) అదే ఆసుపత్రిలో ఉంటే, ఆ శిక్షణ గంటలు పూర్తి చేయడానికి వేరే చోటు చూపించమని కోఆర్డినేటర్‌ని అడగాలి. కొన్ని కోర్సుల్లో ఉద్యోగంలో ఉండాలన్న నిబంధనే ఉంటుంది. అది మీకు వర్తిస్తుందేమో అడగండి. ఫీజు వాయిదాల్లో కట్టొచ్చా, ఇబ్బందుల్లో ఉన్న విద్యార్థులకి సాయం ఉందా, ఏ దారీ లేకపోతే సీటు పోకుండా ఒక సెమిస్టర్ విరామం ఇస్తారా? జవాబులన్నీ రాతపూర్వకంగా తీసుకోండి. విద్యార్థి వీసా మీద ఉంటే పని గంటల పరిమితి కూడా చూసుకోండి.

5. ఒంటినీ మనసునీ వదిలేయకండి

నైట్ డ్యూటీలకి అలవాటుపడ్డ శరీరానికి ఒక్కసారిగా డ్యూటీ లేకపోతే నిద్ర చెదిరిపోతుంది. రోజూ ఒకే టైమ్‌కి లేచి, పొద్దున్న వెలుతురులో కాసేపు ఉండండి. ఇన్నాళ్లూ ఇంకొకర్ని చూసుకున్న మనిషికి తన కోసం సాయం అడగడం కష్టంగా ఉంటుంది. అయినా అడగండి. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే డాక్టర్‌ని కలవండి. చచ్చిపోవాలనిపిస్తే ఆ క్షణమే ఎవరికైనా చెప్పి, అత్యవసర సాయం తీసుకోండి.

6. చదువుకి సరిపడే పని వెతకండి

భయంతో పూర్తి నైట్ డ్యూటీలకి ఒప్పుకోకండి. షిఫ్టు లెక్కన ఇచ్చే పని, క్లినిక్, ఇంటి దగ్గర నర్సింగ్, ఫోన్‌లో సలహాలిచ్చే ఉద్యోగం లాంటివి ముందు చూడండి. ఇంటర్వ్యూలో పాత ఉద్యోగం ఎందుకు పోయిందని అడిగితే ఒక్క వాక్యంలో నిజం చెప్పి, ఇప్పుడు చదువుతున్న కోర్సు గురించి మాట్లాడండి. చేరే ముందే పరీక్షలకీ క్లినికల్ రోజులకీ సెలవు ఇస్తామని ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి.