గంజాయి మానుతున్నవారికి ఇంట్లో తోడుగా నిలవడం ఎలా

ఏళ్ల తరబడి గంజాయి తాగినవారిలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత సన్నగిల్లడం, చదువుపైనా పనిపైనా ఆసక్తి తగ్గడం తరచుగా కనిపిస్తాయి. మానిన 1 నుంచి 3 రోజుల్లో చిరాకు, ఆందోళన, ఆకలి మందగించడం, చెమటలు మొదలై, తొలి వారంలో తీవ్రమై, సాధారణంగా 2, 3 వారాల్లో తగ్గుతాయి. నిద్రలేమి, కలత కలలు మాత్రం నెల దాటినా ఉండవచ్చు. ఆ రోజుల్లో వారు విసురుగా మాట్లాడితే పొగరని భావించి బంధువుల ముందు నిలదీయకండి, అది చాలా అన్యాయం. రాగిసంగటి సయించకపోతే పలుచని అంబలి, మజ్జిగ కొద్దికొద్దిగా ఇవ్వండి. సాయంత్రం కాఫీ మాన్పించి, ఉదయం నడకకు వెంట వెళ్లండి. ఎవరూ లేకున్నా మాటలు వినిపిస్తున్నాయన్నా, చనిపోవాలనిపిస్తోందన్నా ఆలస్యం చేయక తిరుపతి రుయా ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగానికి తీసుకువెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో సలహా అడగవచ్చు.