ఒక్క రోజు బెంగళూరు: పచ్చ లైను వదలకండి

అనంతపురంలో నాకు కుట్టు దుకాణం ఉంది. లైనింగు గుడ్డ, లేసులు, గుండీలు, హుక్కులు బెంగళూరు చిక్కపేటలో టోకున కొని తెచ్చుకుంటాను. అందుకని మా వీధిలో ఎవరు బెంగళూరు బయలుదేరినా ముందు నా దగ్గరికి వస్తారు. "అక్కా, పొద్దున దిగి రాత్రికి తిరిగి బస్సెక్కేస్తాం, ఏమేం చూడవచ్చు?" అంటారు. అప్పటికే చేతిలో ఒక జాబితా ఉంటుంది: బన్నేరుఘట్ట, ఇస్కాన్ గుడి, ప్యాలెస్, లాల్‌బాగ్, విధానసౌధ, ఏదో ఒక పెద్ద మాల్. ఆ కాగితం తీసుకుని మొదట సగం కొట్టేస్తాను.

బన్నేరుఘట్ట ఊరికి దక్షిణాన ఇరవై కిలోమీటర్లకు పైగా ఉంటుంది. సఫారీ చూసి వెనక్కి వచ్చేసరికి పొద్దు గుంకుతుంది. జంతువులే చూడాలనుకుంటే ఆ రోజంతా దానికే ఇవ్వండి, మంగళవారం మాత్రం సెలవు. మాల్ సంగతి చెప్పనక్కర్లేదు, లోపలికి వెళ్ళాక ఏ ఊళ్ళో ఉన్నామో కూడా తెలియదు. మిగిలినవాటికి నా లెక్క ఇది: బెంగళూరులో సాయంత్రం పూట ఐదు కిలోమీటర్ల దారికి గంట పట్టినా ఆశ్చర్యం లేదు. కాబట్టి మెట్రోలో ఒకే లైను పట్టుకుని రోజంతా దాని పక్కనే తిరగాలి. నేను చెప్పేది పచ్చ లైను. పెద్ద బస్టాండున్న మెజెస్టిక్, చిక్కపేట, కె.ఆర్. మార్కెట్, నేషనల్ కాలేజీ, లాల్‌బాగ్ అందులో వరుసగా వచ్చే స్టేషన్లు. పాత బెంగళూరంతా ఆ ఐదింటి చుట్టూనే ఉంది.

అనంతపురం నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద దాదాపు 215 కిలోమీటర్లు. తెల్లవారేసరికి మెజెస్టిక్‌లో దిగేలా రాత్రి బస్సు చూసుకోండి. రైలైతే ధర్మవరం, హిందూపురం మీదుగా వెళుతుంది. కొన్ని రైళ్ళు మెజెస్టిక్ పక్కనున్న పెద్ద స్టేషనుకు పోవు, యశ్వంతపురంలో ఆగుతాయి. కంగారు పడకండి, యశ్వంతపురంలో కూడా పచ్చ లైను మెట్రో ఉంది. సంచి భుజానికి తగిలించుకునేంత ఉంటే మంచిది. పెద్ద పెట్టె ఉంటే రైల్వే స్టేషను క్లోక్ రూములో పెట్టండి, రైలు టికెట్టు పారేయకండి, అక్కడ అడుగుతారు. మెట్రో ఆదివారం పొద్దున మిగతా రోజులకన్నా ఆలస్యంగా మొదలవుతుందని గుర్తుంచుకోండి.

తర్వాత చూడవలసింది ఏది ఎప్పుడు తెరుస్తారు, ఎప్పుడు మూస్తారు అన్నది. పూల మార్కెట్టు తెల్లవారుజామున కళకళలాడుతుంది. లాల్‌బాగ్ తోట ఆరు గంటలకు తెరుస్తారు. గుళ్ళు మధ్యాహ్నం మూసేస్తారు. చిక్కపేట దుకాణాలు పదకొండు దాటితేగాని ఊపందుకోవు. జాకెట్టు కత్తిరించేముందు కొలతలు రాసుకున్నట్టు ఈ నాలుగు వేళలు రాసుకుంటే రోజు దానంతట అదే కుదురుతుంది.

దిగగానే కె.ఆర్. మార్కెట్. చామంతులు, బంతులు, కనకాంబరాలు కుప్పలు పోసి ఉంటాయి. మెట్ల మీది నుంచి కిందికి చూస్తే కళ్ళు చెదురుతాయి. నేల తడి, జారుతుంది, కొత్త చెప్పులు వద్దు. మోత కూలీలు గంపలతో పరుగు మీద వస్తుంటారు, దారి మధ్యలో నిలబడి ఫోటోలు తీస్తే తిట్లు తప్పవు. అరగంట చాలు.

అక్కడి నుంచి రెండు స్టేషన్లు పోతే లాల్‌బాగ్. స్టేషను దగ్గరలోనే తోట పడమటి గేటు. హైదర్ అలీ 1760లో మొదలుపెట్టిన తోట ఇది. ఇప్పుడు 240 ఎకరాలు. మొత్తం నడుస్తానని పంతం పట్టకండి, మూడు చూస్తే చాలు: గాజు ఇల్లు, పెద్ద బండ, చెరువు గట్టు. గాజు ఇంటికి 1889లో పునాది వేశారు. లండన్‌లో ఉండిన క్రిస్టల్ ప్యాలెస్‌ను చూసి ఆ తీరులో కట్టారు. బండను చాలామంది పిల్లల జారుడుబల్లగా వాడి వచ్చేస్తారు. భూగర్భ శాస్త్రజ్ఞులు దాని వయసు దాదాపు 300 కోట్ల ఏళ్ళని లెక్కగట్టారు. దాని మీద, ఈ ఊరు కట్టించిన కెంపెగౌడ బురుజు ఉంది. పొద్దున ఏడింటికి అక్కడ నిలబడితే గాలి చల్లగా తగులుతుంది. బెంగళూరు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున ఉన్న ఊరు, మన ఎండకు అలవాటుపడ్డ ఒంటికి డిసెంబరులో స్వెటరు కావాలి. జనవరి 26, ఆగస్టు 15 సమయాల్లో ఇక్కడ పూల ప్రదర్శన పెడతారు. పూలు ఎంత బాగుంటాయో జనం అంత ఎక్కువ. చిన్నపిల్లలతో ఆ రోజుల్లో వెళ్ళడం నాకు ఇష్టం లేదు.

మన ఊరి నుంచి బెంగళూరు వెళ్ళేవాళ్ళలో ఆసుపత్రి పని మీద వెళ్ళేవాళ్ళు చాలామంది. రిపోర్టులు సాయంత్రం ఇస్తామన్నారు, మధ్యలో నాలుగు గంటలు ఖాళీ అనుకోండి. అలాంటప్పుడు ఇంకేమీ పెట్టుకోకుండా లాల్‌బాగ్‌కే వెళ్ళండి. చెట్ల కింద బెంచీలు బోలెడు, ఎవరూ లేవమనరు.

టిఫినుకు గాంధీ బజారు. పడమటి గేటు నుంచి నడిచిపోవచ్చు, కాళ్ళు నొప్పులైతే ఆటో. 1943 నుంచి నడుస్తున్న విద్యార్థి భవన్ అక్కడే. వెన్న మసాలా దోసె దళసరిగా, పైన కరకరలాడుతూ ఉంటుంది. వడ్డించే ఆయన చేతి పొడవునా దోసెల పళ్ళాలు పేర్చుకుని వస్తుంటే చూడడం ఒక వేడుక. శుక్రవారం సెలవు. వరుసలో నిలబడే ఓపిక లేనివాళ్ళు పక్క వీధుల్లో నిలబడి తినే ఏ చిన్న దర్శిని హోటలుకు వెళ్ళినా కాఫీ బాగుంటుంది. 1924 నాటి ఎం.టి.ఆర్. కూడా లాల్‌బాగ్ దగ్గరిదే, అక్కడ రవ్వ ఇడ్లీ తినాలి, సోమవారం వద్దు. రెండు చోట్లా తినాలనుకుంటే మధ్యాహ్నం భోజనం మరిచిపోండి.

టిఫినయ్యాక దొడ్డ బసవన్న గుడి. పన్నెండు కొట్టకముందే వెళ్ళాలి. లేపాక్షి బసవన్నను చూసిన మన కళ్ళకు పొడవులో ఇది తక్కువే. అక్కడిది ఇరవై ఏడు అడుగులు, ఇది ఇరవై. కానీ లేపాక్షిలో నంది ఆరుబయట కూర్చుంటే ఇక్కడ గర్భగుడిలో ఉన్న దేవుడే బసవన్న. పూజంతా ఆయనకే. కార్తీకమాసం చివరి సోమవారం ఇక్కడ శనక్కాయల పరిష, అంటే తిరునాళ్ళు, జరుగుతుంది. గుడి ముందు వీధంతా కాయల రాశులు. "శనక్కాయలు పండించే జిల్లా నుంచి వచ్చి ఇక్కడ కొంటారా ఎవరైనా?" అని మా అత్త ఎగతాళి చేసింది. తిరిగి వచ్చేటప్పుడు రెండు సంచులు మోయించింది నా చేత. పక్కనే దొడ్డ గణపతి గుడి, బ్యూగిల్ రాక్ పార్కు. ఆ వీధుల చెట్ల నీడ చూసి తెగ మెచ్చుకుంటారు గానీ ఈ బసవనగుడి పేట పుట్టింది ప్లేగు వల్ల. 1898లో వ్యాధి వచ్చి కిక్కిరిసిన పాత పేటలు ఖాళీ అవుతుంటే బసవనగుడిని, మల్లేశ్వరాన్ని వెడల్పు వీధులతో పెంచారు.

ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు నేషనల్ కాలేజీ స్టేషనులో ఎక్కి మళ్ళీ కె.ఆర్. మార్కెట్‌లో దిగండి. టిప్పు వేసవి మహలు అక్కడికి నడక దూరం. 1781లో హైదర్ అలీ మొదలుపెట్టి, 1791లో టిప్పు పూర్తి చేయించిన టేకు కట్టడం. గోడల మీద రంగులు చాలావరకు వెలిసిపోయాయి. అయినా ఆ కొయ్య స్తంభాల మధ్య కూర్చుంటే బయటి హోరు సగం తగ్గిపోతుంది. పెద్ద కోట ఉంటుందనుకుని వెళితే నిరాశే, అరగంటలో చూసేయవచ్చు.

ఇక చిక్కపేట. ఇక్కడ మాత్రం నా మాట కాస్త ఎక్కువసేపు వినాలి. 1537లో కెంపెగౌడ ఊరు కట్టించినప్పుడు బియ్యానికి ఒక పేట, దూదికి ఒక పేట, గాజులకు ఒక పేట అని వేయించాడు. ఇప్పటికీ సందుకొక సరుకు. రోడ్డు మీద కనిపించేవి చిల్లర దుకాణాలు, అసలు సరుకు మేడ మీద, ఇరుకు మెట్లెక్కితే ఉంటుంది. టోకు దుకాణంలో మీటరు గుడ్డ అడగకండి, తానుగానే ఇస్తారు. లేసులు, కుచ్చులు, లైనింగు గుడ్డ, దుపట్టాలు ఇక్కడ కొనండి, మన ఊళ్ళో దొరకని రంగులుంటాయి. రంగు కలపాలంటే చీర ముక్క వెంట తీసుకెళ్ళండి, ఫోనులో ఫోటో చూపిస్తే పని జరగదు, తెరమీద రంగు మారిపోతుంది. దుకాణం లైటు కింద కాకుండా గుమ్మం దగ్గర పగటి వెలుతురులో పెట్టి చూడండి. పట్టుచీరలు మాత్రం వద్దు. గంట దూరంలో ధర్మవరం మగ్గాలు పెట్టుకుని, ధర్మవరం పట్టును బెంగళూరులో కొని తెచ్చేవాళ్ళను చూస్తే నాకు నవ్వాగదు. ఆదివారం ఇక్కడ చాలా దుకాణాలు మూసి ఉంటాయి. సంచి ముందుకు వేసుకోండి, వెనక బండ్లు వస్తూనే ఉంటాయి.

భాష గురించి భయం వద్దు. చిక్కపేట గుమాస్తాల్లో, ఆటోవాళ్ళలో చాలామందికి తెలుగు వస్తుంది. బస్సు బోర్డు మీది కన్నడ అక్షరాలు కూడా ఒక నిమిషం తేరిపార చూస్తే చదవగలం. అయినా ముందుగా ఒక "నమస్కార" అంటే ఎదుటివాళ్ళ ముఖం మారుతుంది.

సాయంత్రం నాలుగున్నరకు మెజెస్టిక్ వచ్చి అక్కడ మాత్రం ఊదా లైనుకు మారండి. రెండో స్టేషనే విధానసౌధ. కర్ణాటక శాసనసభ ఉండేది అందులోనే. అప్పటి ముఖ్యమంత్రి కెంగల్ హనుమంతయ్య కట్టించిన ఆ రాతి భవనం 1956లో పూర్తయింది. ముఖద్వారం మీద ప్రభుత్వం పని దేవుడి పని అని కన్నడంలో చెక్కి ఉంటుంది. పింఛను కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన మా మామ దాన్ని చదివి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎదురుగా ఎర్రటి హైకోర్టు, దాని వెనక కబ్బన్ పార్కు. పిల్లలు వెంట ఉంటే చిక్కపేట మానేసి మధ్యాహ్నమే ఇటు వచ్చేయండి. కస్తూర్బా రోడ్డులో విశ్వేశ్వరయ్య సైన్సు మ్యూజియం ఉంది, మీటలు నొక్కి, చక్రాలు తిప్పి చూసే యంత్రాలు అంతస్తుల కొద్దీ ఉన్నాయి. అందులోకి వెళ్ళిన పిల్లలను మూసేవేళ వరకూ బయటికి లాగలేం.

తిరుగు బస్సు ఆరుకో ఏడుకో పెట్టుకోకండి. ఆ వేళ మెజెస్టిక్ నుంచి హెబ్బాళ దాటేసరికే ఓపిక అయిపోతుంది. తొమ్మిది తర్వాతి బస్సు నయం, ఈలోగా మెజెస్టిక్ దగ్గరే భోజనం ముగించవచ్చు. శుక్రవారం రాత్రి, పండగల ముందు రోజు అయితే బెంగళూరులో ఉద్యోగాలు చేసే మన పిల్లలంతా ఊరికి బయలుదేరతారు. అప్పుడు రిజర్వేషను వారం ముందే చేయించుకోండి, లేకపోతే దారి పొడవునా నిలబడే రావాలి.