కోపం మీద అర్జీ రాయడం ఎలా

కలెక్టరేట్ గేటు పక్కన చింతచెట్టు కింద ఒక మడత టేబులు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, పాత ల్యాప్‌టాప్, ప్రింటరు. 19 ఏళ్లుగా నా ఆఫీసు అదే. పింఛను, పట్టా పాస్‌బుక్కు, రేషన్ కార్డులో పిల్లల పేర్లు, ఇవే రోజూ రాసేది. ఊరి పేరు చెప్పను, తెలంగాణలో ఒక జిల్లా కేంద్రం అనుకోండి చాలు.

2021 మే 12 నుంచి రాష్ట్రంలో రెండోసారి లాక్‌డౌన్ పెట్టారు కదా. ఉదయం 6 నుంచి 10 దాకే సడలింపు. చెట్టు కింద కూర్చోనివ్వలేదు కాబట్టి ఇంటి అరుగు మీదే రాశాను. ఒకరోజు మా గేటు దగ్గర చాయ్ బండి నడిపే తమ్ముడు వచ్చాడు. పది దాటి ఇరవై నిమిషాలకు బండి సర్దుకుంటుంటే మాస్కు గడ్డం కిందికి ఉందని వెయ్యి రూపాయల చలానా రాశారట. దానికి పెద్దగా బాధపడలేదు. మూడు రోజుల తర్వాత ఒక శాఖ జిల్లా అధికారి పుట్టినరోజు సర్కారీ గెస్ట్ హౌస్‌లో జరిగింది. కేకు, పూలదండలు, ఒక్క మూతికీ మాస్కు లేదు. అది ఎవరిదో వాట్సాప్ స్టేటస్‌లో చూశాడు. అక్కడ మండింది.

"అన్నా, గట్టిగ రాయే. ఇగ ఆయన లేవొద్దు" అన్నాడు.

అలాంటి అర్జీ ఎలా రాయాలో, ఎలా రాస్తే బుట్టలో పడుతుందో ఆ ఏడాది బాగా తెలిసింది. అదే చెబుతున్నాను.

ముందు ఆ మనిషిని మాట్లాడనివ్వండి. మీదే కోపమైతే మీరే ఒక కాగితం మీద తిట్లన్నీ రాసేయండి. ఆపుకోవద్దు. కోపంలో ఉన్నప్పుడే టైములు, బండి నంబర్లు, ఎవరు ఎక్కడ నిలబడ్డారో గుర్తుంటాయి. వారం తర్వాత కోపంతో పాటు అవీ పోతాయి. తమ్ముడు చెప్పింది రెండున్నర పేజీలు వచ్చింది. అందులో సిగ్గు, శరం, పాపం, ఉసురు అన్నీ ఉన్నాయి. ఎర్ర పెన్నుతో ఒక్కో లైను కొట్టేస్తూ పోతే చివరికి మిగిలినవి నాలుగు: 22వ తేదీ శనివారం, రాత్రి ఏడున్నర ప్రాంతం, గెస్ట్ హౌస్ పెద్ద హాలు, బయట ఆగిన సర్కారు బండి నంబరు. అర్జీకి సరుకు ఆ నాలుగే.

తర్వాత జీవో సంపాదించాలి. "రూల్ తప్పారు" అంటే సరిపోదు, ఏ రూలో చూపించాలి. ఆ లాక్‌డౌన్ ఉత్తర్వులో పెళ్లికి 40 మంది, అంత్యక్రియలకు 20 మంది అని ఉంది. మిగతా సామాజిక కార్యక్రమాలన్నీ బంద్. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కర్ఫ్యూ టైములో అధికారి రోడ్డు మీద కనిపించాడని రాస్తే "విధి నిర్వహణ" అని ఒక్క ముక్కలో కొట్టేస్తారు, ఎందుకంటే డ్యూటీ మీద తిరగడానికి మినహాయింపు వాళ్లకు నిజంగానే ఉంది. పుట్టినరోజుకు లేదు. మినహాయింపు ఎక్కడ ఆగుతుందో కనిపెట్టి సరిగ్గా అక్కడే వేలు పెట్టాలి.

ఫొటో సంగతి. స్టేటస్ 24 గంటల్లో మాయమైపోతుంది. స్క్రీన్‌షాట్ తీస్తే పైన టైము, పెట్టినవాళ్ల పేరు కనిపించేలా తీయండి. మీరే తీసిన ఫొటో అయితే ఆ ఫోన్‌లోంచి చెరిపేయొద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో లోపల ఉండే తేదీ, చోటు వివరాలు పోతాయి. ఆ స్క్రీన్‌షాట్ ఊళ్లో గ్రూపుల్లో పెట్టొద్దని తమ్ముడికి చెప్పడానికి అరగంట పట్టింది. గ్రూపులో పడితే ముందు దొరికేది కేకు కోసినవాడు కాదు, స్టేటస్ పెట్టిన వంటమనిషి కొడుకు. ఆ పిల్లాడి పేరు మా అర్జీలో ఎక్కడా రాయలేదు.

ఇప్పుడు అసలు పని. ఫిర్యాదు, సమాచార హక్కు దరఖాస్తు, ఈ రెండూ వేరువేరు కాగితాలు. ఫిర్యాదు చర్య అడుగుతుంది, దరఖాస్తు కాగితం అడుగుతుంది. నేను ఎప్పుడూ కాగితమే ముందు అడుగుతాను. ఫిర్యాదు ముందు వెళ్తే రిజిస్టర్లు సర్దుకునే టైము దొరుకుతుంది.

దరఖాస్తులో "ఎందుకు" అనే మాట రాయకూడదు. "మీ అధికారి ఎందుకు పార్టీ చేసుకున్నారు" అంటే "ఇది సమాచారం కిందికి రాదు" అని జవాబు వస్తుంది. చట్టం ప్రకారం వాళ్ల దగ్గర రికార్డుగా ఉన్నదే ఇస్తారు. కాబట్టి రికార్డు పేరు చెప్పి అడగాలి. ఆ రోజు నేను రాసింది ఇది:

"22-05-2021 సాయంత్రం 6 గంటల నుంచి 23-05-2021 ఉదయం 6 గంటల వరకు మీ కార్యాలయానికి చెందిన ఫలానా నంబరు గల వాహనం లాగ్‌బుక్ పేజీల ధ్రువీకరించిన నకలు ఇవ్వగలరు.

పై సమయంలో గెస్ట్ హౌస్ హాలులో ఏదైనా కార్యక్రమానికి అనుమతి ఇచ్చి ఉంటే ఆ ఉత్తర్వు నకలు ఇవ్వగలరు. ఇవ్వకపోతే ‘ఇవ్వలేదు’ అని తెలుపగలరు."

అంతే. అందులో పుట్టినరోజు అన్న మాట లేదు, ఆ అధికారి పేరు కూడా లేదు. పేరు రాస్తే "వ్యక్తిగత సమాచారం" అని సమాచార హక్కు చట్టం సెక్షన్ 8 చూపిస్తారు. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ఆ క్లాజును వాళ్లకు ఇంకా అనుకూలంగా మార్చింది. హోదా, బండి, హాలు, తేదీ అడిగితే అవి ఎవరి సొంతమూ కావు. చివరి వాక్యం మాత్రం వదలొద్దు. "ఇవ్వలేదు" అని సంతకం పెట్టి రాసివ్వడం వాళ్లకు చాలా కష్టం.

గెస్ట్ హౌస్ చూసేది వేరే శాఖ కాబట్టి అక్కడికి ఇంకోటి, మాస్కు జరిమానాలు ఎన్ని, ఎంత వసూలైందో అడుగుతూ పోలీసులకు మరోటి, మొత్తం మూడు దరఖాస్తులు. ఒకే దాంట్లో కుక్కితే అయిదు రోజుల్లో సంబంధిత శాఖకు బదిలీ చేయాలని చట్టంలో ఉంది గానీ, ఆ అయిదు రోజులు ఎన్ని రోజులవుతాయో మీ ఊళ్లో మీకే తెలుసు.

ఫీజు గ్రామ స్థాయిలో లేదు, మండల ఆఫీసుకు 5 రూపాయలు, ఆ పైన 10. నేను కోర్టు ఫీ స్టాంపు అంటిస్తాను. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవాళ్లు కార్డు జిరాక్స్ పెడితే ఫీజు అక్కర్లేదు. ఎందుకు అడుగుతున్నారో చెప్పాల్సిన పని లేదు. తెలుగులో రాయొచ్చు. చేతికిస్తే ఇన్‌వార్డు సీలు, నంబరు వేయించుకోకుండా కౌంటరు వదలకండి.

గడువు 30 రోజులు. ఆఫీసులు 33 శాతం సిబ్బందితో నడుస్తున్న కాలం, మా మొదటి జవాబు 38వ రోజున వచ్చింది. గడువు దాటితే నకళ్లు ఉచితంగా ఇవ్వాలి, పేజీకి 2 రూపాయలు కట్టమంటే సెక్షన్ 7(6) గుర్తు చేయండి. జవాబే రాకపోతే, లేదా డొంకతిరుగుడుగా వస్తే, 30 రోజుల్లో అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా కాకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు. ఆలస్యానికి రోజుకు 250 చొప్పున 25,000 దాకా జరిమానా సమాచార అధికారి జేబులోంచే పోతుంది. ఆ సంగతి మొదటి అప్పీలులో మర్యాదగా ఒక లైను రాస్తాను.

వచ్చిన జవాబును ఎలా చదవాలన్నదే ఇందులో గొప్ప మజా. మా జవాబులో ఇలా ఉంది: "సదరు తేదీన కోవిడ్ నియంత్రణపై సమీక్షా సమావేశం జరిగినది."

తమ్ముడు ఉసూరుమన్నాడు. "అయిపోయింది అన్నా, అబద్ధం రాసి తప్పించుకున్నరు" అన్నాడు. నాకు మాత్రం పండగలా అనిపించింది. కేకు కోసింది ఒక తప్పు, అదీ మన ఫొటోతో మనమే రుజువు చేయాలి. ఈ కాగితం మాత్రం వాళ్లే సంతకం పెట్టి ఇచ్చింది. లాగ్‌బుక్ నకలు తీసి పక్కన పెట్టాను. బండి బయల్దేరింది 7.10కి, తిరిగొచ్చింది 11.40కి, ప్రయాణం 14 కిలోమీటర్లు, పని అన్న గడిలో "లాక్‌డౌన్ తనిఖీ". ఉత్తరంలో సమావేశం, లాగ్‌బుక్‌లో తనిఖీ. వెంటనే రెండో దరఖాస్తు: ఆ సమావేశానికి పిలిచిన సర్క్యులర్, హాజరు పట్టిక, మినిట్స్ నకళ్లు ఇవ్వగలరు. నెల తర్వాత "అందుబాటులో లేవు" అని వచ్చింది.

ఇది మా ఊరి కథే కాదు. బ్రిటన్‌లో ప్రధాని ఆఫీసులో జరిగిన పార్టీల గొడవ చూడండి. 2020 మే 20న తోటలో కలుద్దాం, తాగేవి ఎవరివి వాళ్లే తెచ్చుకోండి అని దాదాపు వంద మందికి ఈమెయిల్ వెళ్లింది. అది 2022 జనవరిలో బయటపడింది. పోలీసులు చివరికి 83 మందికి 126 జరిమానాలు వేశారు. అప్పటి ప్రధాని బోరిస్ జాన్సన్‌కు పడింది 50 పౌండ్లు, అది కూడా 2020 జూన్ 19న జరిగిన తన పుట్టినరోజు మీదే. 50 పౌండ్లు కట్టి బయటపడేవాడే. కానీ అంతకుముందు పార్లమెంటులో నిబంధనలన్నీ పాటించామని చెప్పి ఉన్నాడు. 2023లో సభాహక్కుల కమిటీ పట్టుకున్నది ఆ మాటనే. నివేదిక బయటికి రాకముందే ఎంపీ పదవి వదులుకున్నాడు.

మహారాష్ట్రలో 2020 ఏప్రిల్‌లో పెద్ద వ్యాపారులైన వాధ్వాన్ కుటుంబం, వాళ్ల మనుషులు కలిపి 23 మంది అయిదు కార్లలో ఖండాలా నుంచి మహాబలేశ్వర్ వెళ్లారు. దేశమంతా తలుపులు వేసుకున్న రోజులు. దొరకబుచ్చుకున్నది దేన్నంటే, హోంశాఖ సీనియర్ అధికారి లెటర్‌హెడ్ మీద ఇచ్చిన ఉత్తరాన్ని. అందులో కార్ల వివరాలతో సహా "కుటుంబ అత్యవసరం" అని ఉంది. ఆయన్ను సెలవు మీద పంపారు. కొన్ని నెలలకే పెద్ద పోస్టు ఇచ్చారనుకోండి, అది వేరే సంగతి.

కాగితాలు చేతికొచ్చాక ఫిర్యాదు. ఇక్కడ రెండు దారులున్నాయి, ఒకటి మూసి ఉంటుంది. మొదటిది ప్రభుత్వ ఉత్తర్వును ధిక్కరించారని పెట్టే పాత ఐపీసీ 188 సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 223. దాని మీద కోర్టు కేసు తీసుకోవాలంటే సంబంధిత ప్రభుత్వ ఉద్యోగే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అంటే ఆఫీసరు మీద ఆఫీసరు. మీరూ నేనూ వేస్తే నిలవదు.

రెండోది విపత్తు నిర్వహణ చట్టం, 2005. సెక్షన్ 51 కింద ఆదేశాలు పాటించకపోతే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. దీనికి సెక్షన్ 60లో చిన్న కిటికీ ఉంది. ఎవరైనా సరే, ఫలానా నేరం జరిగింది, నేను కోర్టుకు వెళ్లదలిచాను అని 30 రోజుల ముందు నోటీసు ఇస్తే తర్వాత తనే ఫిర్యాదు చేసుకోవచ్చు. లాక్‌డౌన్ కాలంలో ఈ కిటికీ తీసినవాళ్లు నాకైతే పెద్దగా కనబడలేదు. నోటీసు జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు ఇవ్వొచ్చు, దానికి అధ్యక్షుడు కలెక్టరే. నోటీసులో విశేషణాలు వద్దు. తేదీ, చోటు, జీవో, రెండు జవాబులు, లాగ్‌బుక్ పేజీ, ఫొటో, అంతే. చివర్లో "30 రోజుల తర్వాత కోర్టును ఆశ్రయించగలను" అన్న ఒక్క వాక్యం.

అప్పటి గొడవల మీద ఇప్పుడు కేసు వేద్దామని వచ్చేవాళ్లకు ఒక మాట. ఏడాది దాకా శిక్ష ఉన్న నేరానికి కోర్టుకు వెళ్లే గడువు కూడా ఏడాదే, అది దాటిపోయింది. జరిమానా లెక్కలు మాత్రం ఇప్పటికీ అడగొచ్చు. మీ మండలంలో మాస్కు చలానాలు ఎన్ని రాశారు, ఎంత వసూలైంది, అందులో ప్రభుత్వ ఉద్యోగుల మీద రాసినవి ఎన్ని అని. మూడో ప్రశ్నకు "విడిగా నమోదు చేయలేదు" అని వస్తుంది, అయినా అడగండి. పోస్టులో పంపేవాళ్లు గమనించాలి, 2025లో రిజిస్టర్డ్ పోస్టును స్పీడ్ పోస్టులో కలిపేశారు. రసీదు మీది ఇంకు ఎండకు చెరిగిపోతుంది, ఆ రోజే జిరాక్స్ తీసి పెట్టుకోండి.

మా నోటీసు ఇచ్చిన 27వ రోజున ఒక కవరు వచ్చింది. ఫొటోలో మొహాలు స్పష్టంగా కనిపించిన అయిదుగురికి మాస్కు లేనందుకు తలా వెయ్యి రూపాయల జరిమానా వేసినట్టు, వాళ్లు కట్టినట్టు రసీదుల నకళ్లు. పుట్టినరోజు గురించి, సమీక్షా సమావేశం గురించి ఒక్క ముక్క లేదు. కోర్టుకు వెళ్దామా అని తమ్ముణ్ని అడిగాను. బండి వదిలి కోర్టు చుట్టూ ఎవరు తిరుగుతారన్నాడు. నిజమే.

రసీదులు చేతిలోకి తీసుకుని ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

"నాకు అక్కడికక్కడే రాశిండ్రు. వీళ్లకు నాలుగు నెలలు పట్టింది" అన్నాడు. మడిచి గల్లాపెట్టె అడుగున పెట్టుకున్నాడు. ఆ రోజు నా దగ్గర చాయ్ పైసలు తీసుకోలేదు, నేను అర్జీ ఫీజు 150 అడగలేదు.