తేలికపాటి రైఫిల్ కొనేముందు ఒక డాలర్ నోటు

టెక్సాస్‌లో జింకల సీజన్‌కి మొదటి బోల్ట్ యాక్షన్ రైఫిల్ (కాల్చిన ప్రతిసారీ బోల్ట్ అనే పిడిని చేత్తో ఆడించి తూటా ఎక్కించేది) కొనే మనవాళ్లు కంపెనీ చెప్పిన బరువు చూసి మురిసిపోతుంటారు. ఆ అంకె ఖాళీ రైఫిల్‌ది. స్కోపు (గురి చూసే దుర్భిణి), దాన్ని బిగించే రింగులు, పట్టీ, తూటాలు చేరాక దాదాపు ఇంకో కిలో కలుస్తుంది. రూగర్ అమెరికన్, టిక్కా టీ3ఎక్స్ లైట్ అనే రైఫిళ్లు రెండూ ఖాళీగా 3 కిలోల లోపే. టిక్కా ధర ఎక్కువే, కానీ దాని బోల్ట్ వెన్నలా జారుతుంది. చేత్తో ఆడించి చూస్తే తేడా మీకే తెలుస్తుంది.

షాపులో తూటా లేదని కళ్లారా చూసుకున్నాక, బ్యారెల్‌కీ (గొట్టం) దాని కింద పట్టుకునే స్టాక్‌కీ మధ్య డాలర్ నోటు దూర్చి వెనక్కి లాగండి. ఎక్కడా ఇరుక్కోకుండా ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) దాకా రావాలి. తర్వాత స్టాక్ ముందు భాగాన్ని బ్యారెల్ వైపు వేళ్లతో నొక్కండి. చవక ప్లాస్టిక్ అయితే వంగి తగులుతుంది. అలాంటి రైఫిల్‌ని సంచి మీద ఆనించి కాలిస్తే తూటా ఒకచోట, చేత్తో పట్టుకుని కాలిస్తే ఇంకోచోట తగులుతుంది.

రైఫిల్ ఎంత తేలికైతే భుజం మీద తన్ను అంత గట్టిగా ఉంటుంది. అందుకే .300 విన్ మ్యాగ్ లాంటి శక్తివంతమైన తూటా జోలికి పోకండి. తెల్లతోక జింకకి 6.5 క్రీడ్‌మూర్, 7ఎంఎం-08 రకం తూటాలు చాలు. నేనైతే రైఫిల్ ధరలో మిగిల్చిన డబ్బు మంచి స్కోపుకే పెడతాను.

అన్నట్టు, హెచ్1బీ మీద ఉన్నవాళ్లు షాపుకి వెళ్లేముందే చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ తీసుకోండి. అది లేకుండా అమ్మరు.