పాత ఓమ్నికి ముందు సస్పెన్షన్ బుష్షులు మార్చడం

1984లో మారుతి వ్యాన్‌గా వచ్చి 2019 దాకా తయారైన ఓమ్నిలో డ్రైవరు సరిగ్గా ముందు చక్రాల మీద కూర్చుంటాడు. కింద బుష్షు (సస్పెన్షన్ కీళ్ల దగ్గర రెండు ఇనుప గొట్టాల మధ్య రబ్బరు ఉండే ముక్క) అరిగితే ఆ చప్పుడు నేరుగా కాళ్ల కిందే వినిపిస్తుంది. గతుకుల్లో టకటకమంటుంది. బ్రేకు వేయగానే ఒక్కసారి టక్కుమని బండి పక్కకు లాగుతుంది. స్పీడు పెరిగితే స్టీరింగ్ తేలిపోతుంది, ముందు టైరు ఒక అంచే అరుగుతుంది. ఇవి చూసి చాలామంది ముందుగా షాకబ్జార్బర్లు మార్పిస్తారు. డబ్బు పోతుంది, చప్పుడు పోదు.

కాబట్టి విప్పే ముందు పరీక్ష చేయండి. బండి నేల మీదే ఉండగా ఒకరు బ్రేకు తొక్కి పట్టుకోవాలి, ఇంకొకరు బండిని ముందుకూ వెనక్కూ ఊపాలి, మీరు కింద నుంచి లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది వైపున బాడీకి కలిపే చెయ్యి) లోపలి చివర చూడాలి. తర్వాత ఆర్మ్‌కూ బ్రాకెట్‌కూ మధ్య టామీ (పొడుగాటి ఇనుప కడ్డీ) పెట్టి కదపండి. రబ్బరు కాస్త సాగి వెనక్కి రావడం మామూలే. పైపైన సన్నటి పగుళ్లున్నా బుష్షు పోయినట్టు కాదు. రబ్బరు ఇనుప గొట్టాన్ని వదిలేసినా, లోపలి గొట్టం మధ్యలో కాకుండా ఒక పక్కకు వాలినా మార్చాల్సిందే. చక్రం పైకి లేపి గడియారంలో 12, 6 ఉండే చోట్ల పట్టుకుని ఊపితే లూజు తెలిస్తే అది బాల్ జాయింటో (ఆర్మ్ బయటి చివరి గుండు కీలు) బేరింగో. 3, 9 దగ్గర లూజుంటే టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ రాడ్డు చివరి కీలు) చూడండి.

ఆర్మ్ లోపలి చివర ఒక బుష్షుతో, ఒక బోల్టుతో బిగించి ఉంటుంది. ఆర్మ్ ముందుకూ వెనక్కూ పోకుండా పట్టి ఉంచే రాడ్డుకు వేరే రబ్బర్లు ఉంటాయి. రెండు వైపులవీ కలిపే కొనండి. ఒక వైపే కొత్తవి వేస్తే ఆ పక్క గట్టిగా, ఈ పక్క మెత్తగా ఉండి బ్రేకు వేసినప్పుడు బండి లాగుతుంది. బోల్టులు, నట్లు కొత్తవి పక్కన పెట్టుకోండి, స్ప్లిట్ పిన్నులు ఉంటే అవీ. పాలీయురేథేన్ బుష్షులు ఎక్కువ కాలం వస్తాయని అమ్ముతారు. స్కూలు పిల్లలనో కూరగాయల బుట్టలనో మోసే బండికి మాత్రం మంచి రబ్బరే నయం, గతుకు బాడీ దాకా రాదు.

ముందు రోజు సాయంత్రమే బోల్టులకు వైరు బ్రష్ కొట్టి, తుప్పు వదిలించే నూనె పట్టించండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో తిరిగిన బండైతే ఇది తప్పనిసరి. పని రోజున వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ముందు భాగాన్ని లేపి గట్టి స్టాండ్ల మీద దించండి. జాకీ ఒక్కదాని నమ్మకం మీద కిందికి దూరవద్దు.

ఓమ్నికి వెనక చక్రాల డ్రైవ్ కాబట్టి ముందు వైపు యాక్సిల్ షాఫ్టుల గొడవ లేదు. స్ప్రింగు స్ట్రట్ (స్ప్రింగు తొడిగిన షాకబ్జార్బరు) మీదే పట్టి ఉంటుంది గనుక ఆర్మ్ విప్పినా అది ఎగిరిపడదు. స్ట్రట్ పైనున్న మధ్య నట్టును మాత్రం ముట్టుకోకండి, స్ప్రింగును ఆపేది అదే. చక్రం తీశాక రాడ్డు చివరి వాషర్లను ఫోనులో ఫోటో తీసుకోండి. గిన్నెలా వంగిన వాషరు ఏ ముఖం ఎటుందో బిగించేటప్పుడు గుర్తుండదు.

బాల్ జాయింట్ స్టడ్డును అడ్డంగా ఒక బోల్టు పట్టి ఉంచే రకమైతే ఆ బోల్టును పూర్తిగా బయటికి లాగాలి. అది స్టడ్డు గాడిలో కూర్చుంటుంది. సగం తీసి కొడితే గాడి పాడవుతుంది. నట్టుతో బిగించే టేపర్ (ఒక చివర సన్నబడే స్టడ్డు) రకమైతే నట్టును చివరి దాకా వదులు చేసి, నకిల్ (హబ్‌ను మోసే ఇనుప భాగం) కన్నుకు ఒక పక్క బరువైన సుత్తి ఆనించి రెండో పక్క ఇంకో సుత్తితో గట్టిగా కొట్టండి, ఊడి వస్తుంది. స్టడ్డు తల మీద కొడితే మరలు పోతాయి. ఆర్మ్ ఊడాక హబ్ బరువు బ్రేకు హోసు మీద పడకుండా తాడుతో కట్టేయండి.

పని ఆగిపోయేది ఎక్కువగా ఆర్మ్ లోపలి బోల్టు దగ్గరే. బోల్టు, బుష్షు లోపలి గొట్టం తుప్పుతో ఒకటైపోతాయి. స్పానర్ తిప్పితే బోల్టు తిరుగుతుంది, రబ్బరు మెలితిరుగుతుంది, బోల్టు మాత్రం రాదు. అప్పుడు బుష్షుకూ బ్రాకెట్‌కూ మధ్య హాక్సా బ్లేడు దూర్చి రెండు పక్కలా కోసేయండి. గ్యాస్ మంట జోలికి పోకండి. రబ్బరు కాలి పొగ వస్తుంది, అండర్ కోటింగ్ అంటుకుంటుంది. ఎల్‌పీజీ కిట్టున్న బండి కిందైతే అసలు కూడదు.

పాత బుష్షు తీసే ముందు అది ఆర్మ్‌కు రెండు పక్కలా ఎంతెంత బయటికి ఉందో కొలిచి రాసుకోండి. రబ్బరులో ఖాళీలుంటే అవి ఎటు చూస్తున్నాయో ఆర్మ్ మీద గీత గీయండి. ఆటోనగర్‌లోనో, దగ్గర్లోని లేత్ షాపులోనో ప్రెస్సు ఉంటే అక్కడ కొట్టించడమే సులువు. ఇంట్లో చేయాలంటే గట్టి రకం మరల రాడ్డు, రెండు నట్లు, మందపాటి వాషర్లు, బుష్షు బయటి గొట్టం కంటే ఒక్క వెంట్రుక తక్కువ సైజు సాకెట్, దానికంటే కాస్త పెద్ద పైపు ముక్క చాలు. సాకెట్ నెడుతుంది, పైపులోకి బుష్షు దిగుతుంది. కదలకపోతే రబ్బరు పెకలించి, బయటి గొట్టాన్ని లోపలి నుంచి బ్లేడుతో పొడుగునా కోసి ఉలితో మడవండి. ఆర్మ్ కన్నుకు గీత పడకముందే కోత ఆపాలి.

కొత్త బుష్షును ఎప్పుడూ బయటి గొట్టం అంచు మీదే నొక్కాలి. లోపలి గొట్టాన్ని నొక్కితే రబ్బరు అంటు అక్కడే వదిలేస్తుంది, కొత్తది పాతదైపోతుంది. వంకరగా మొదలైతే ఆపి వెనక్కి తీసి మళ్లీ పెట్టండి. జారడానికి సబ్బు నీళ్లు వాడండి. గ్రీజు, ఇంజన్ ఆయిల్ తగిలితే రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది.

ఇక అసలు విషయం. ఆర్మ్ బోల్టును బండి గాల్లో ఉండగా చివరి బిగింపు బిగించకూడదు. ఈ బుష్షులో ఏదీ జారదు. రెండు గొట్టాలకూ అతుక్కున్న రబ్బరు మెలితిరగడం వల్లే ఆర్మ్ కదులుతుంది. ఆర్మ్ కిందికి వేలాడుతుండగా బిగిస్తే, చక్రం నేలకు ఆనగానే రబ్బరు మెలితిరిగిపోయి ఎప్పటికీ అలాగే ఉంటుంది. ఆ పైన ప్రతి గుంతా దాన్ని ఇంకా చీలుస్తుంది. కొత్త బుష్షులు కొన్ని నెలలకే పోయాయని వచ్చే బళ్లలో ముందుగా అనుమానించాల్సింది దీన్నే. బోల్టులను చేత్తో తిరిగేదాకా ఎక్కించి, చక్రాలు వేసి, బండి దించి ముందు భాగాన్ని నాలుగైదు సార్లు కిందికి నొక్కి వదలండి. పిట్ ఉంటే అందులోంచి, లేకపోతే రెండు ముందు చక్రాలనూ ఒకే మందం చెక్క దిమ్మెల మీదికి ఎక్కించి అప్పుడు మాన్యువల్‌లో చెప్పిన టార్కుకు (బిగింపు బలానికి) బిగించండి. రాడ్డు నట్టు కూడా అంతే. లోపల గొట్టం ఉన్న రకమైతే వాషరు గొట్టానికి ఆనేదాకా బిగించాలి. రబ్బరు పిండైపోయేలా బిగిస్తే పగులుతుంది.

బాల్ జాయింట్‌కు స్ప్లిట్ పిన్ను ఉండే రకమైతే కొత్తది వేయండి. నిదానంగా ఓ చుట్టు తిప్పి, ఖాళీ చోట బ్రేకు వేసి చూసి, అదే రోజు వీల్ అలైన్‌మెంట్ చేయించండి. బుష్షు మారితే ఆర్మ్ అసలు చోటికి వస్తుంది, అరిగిన బుష్షుకు సరిపెట్టిన టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కొలత) ఇప్పుడు తప్పుతుంది. ఓ 200 కిలోమీటర్లు తిరిగాక బండి చక్రాల మీదే ఉండగా నట్లన్నిటికీ మళ్లీ స్పానర్ పెట్టి చూడండి.