రేకుల ఇంట్లో చలికాలం: కుంపటి ముట్టించే ముందు

మందసలో మా పెరట్లో నిలబడితే మహేంద్రగిరి కనిపిస్తుంది. ధనుర్మాసం వచ్చిందంటే ప్రొద్దెక్కినా కనిపించదు, మంచు కప్పేసి ఉంటుంది. శ్రీకాకుళం జిల్లాలో చలి అంటే బయటి ఊళ్ల బంధువులు నవ్వుతారు. కళింగపట్నం తీరంలో ఉన్నవాళ్లకు నవ్వే హక్కు కొంత ఉంది, అక్కడ సముద్రం రాత్రిళ్లను మరీ చల్లబడనివ్వదు. కొండల పక్కన రేకుల ఇంట్లో పడుకునేవాళ్ల సంగతి వేరు.

మన ఇళ్లన్నీ ఎండను తప్పించుకోవడానికి కట్టుకున్నవి. ఎత్తైన కప్పు, గోడల పైన గాలికి వదిలిన కంతలు, కాళ్లకు చల్లగా తగిలే గచ్చు. వైశాఖంలో వరమైనవే పుష్యమాసంలో పగబడతాయి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుఫాను మా పెంకులను ఎగరగొట్టింది. ఈ ఒక్క ఏడాదికే అనుకుంటూ వెనక గదికి రేకులు వేయించాం. అవి ఇప్పటికీ అలాగే ఉన్నాయి. పూరికప్పులో గడ్డి మధ్య నిలిచే గాలి లోపలి వెచ్చదనాన్ని పట్టి ఉంచుతుంది. రేకుకు ఆ గుణం లేదు. మబ్బు లేని రాత్రి తన వేడినంతా ఆకాశానికి ఇచ్చేసి మంచుముక్కలా తయారవుతుంది. మన ఊపిరిలోని తేమ దానికి తగిలి నీళ్లయి, మూడు గంటల వేళ ముఖం మీద బొట్టు పడుతుంది. పైకప్పు కారుతోందని మొదటి ఏడాది నేను తాపీమేస్త్రీని పిలిపించాను కూడా.

కాబట్టి ముందు కప్పు సంగతి చూడాలి. రేకుకు జానెడు కింద పాత చీరనో, గోనెసంచులు విప్పి కుట్టిన పరదానో చాందినీలా కట్టండి. మధ్యలో నిలిచే గాలే అసలు దుప్పటి. బల్బుకు, కరెంటు తీగలకు గుడ్డ తగలకూడదు. పొయ్యి ఉన్న గదిలో మాత్రం ఈ పని వద్దు. పగలు ఎండ వచ్చాక తలుపులన్నీ బార్లా తెరిచి, దీపాలవేళకు ముందే మూసేయండి. చాలామంది చీకటి పడి చలి లోపలికి వచ్చాక మూస్తారు, దొంగ వెళ్లాక తాళం వేసినట్టు.

తరువాత పడక. గచ్చు మీద ఒక్క చాప వేసుకుని పైన మూడు రగ్గులు కప్పుకున్నా వణుకు తగ్గదు, ఎందుకంటే ఒంటి వేడిని నేల కిందనుంచి లాగేస్తుంది. ఎండుగడ్డి కూరిన గోనెసంచి, దాని మీద చాప, ఆపైన బొంత ఉంటే పైన ఒక రగ్గు చాలు. గడ్డి చెమ్మగిల్లితే ఎండలో వేయండి, లేదా మార్చండి. మంచం మీద పడుకునేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. నులక సందుల్లోంచి గాలి వీపుకు తగులుతుంది, పరుపు లేకపోతే గోనెసంచులైనా పరవాలి. తలకు మఫ్లరు, కాళ్లకు మేజోళ్లు వేసుకోండి. పడుకునే ముందు వేడి చోడి (రాగి) అంబలి ఒక గ్లాసు తాగితే మంచిదే.

ఇంత చేశాక కుంపటి అవసరం చాలావరకు పోతుంది. పోవాలి కూడా. తిత్లీ తరువాతి చలికాలంలో మా చెల్లెలు పురిటికి వచ్చింది. బాలింత గదిలో నిప్పులు ఉండాలన్నది మా ఇంటి అలవాటు. కొబ్బరి చిప్పల బొగ్గులు బాగా రాజేసి, పొగంతా పోయాక ఎర్రటి కుంపటిని మంచం పక్కన పెట్టాం. చలిగాలి రాకుండా కిటికీ సందుల్లో గుడ్డలు కుక్కింది నేనే. రాత్రి పదకొండు దాటాక చెల్లెలు, "అక్కా, తల పగిలిపోతోంది, వాంతి వచ్చేటట్టుంది" అంది. పథ్యం పడలేదేమోనంది అమ్మ. కాసేపటికి కషాయం పట్టుకుని లోపలికి వచ్చిన మామ్మ గడప మీదే ఆగి, "పిల్లాడు పాలకు లేచాడా?" అని అడిగింది. లేవలేదు. లేవాల్సిన వేళ గంట దాటింది. మామ్మ గ్లాసు కింద పెట్టి, వాడిని ఎత్తుకుని చలిలోకే, వీధి అరుగు మీదకి వెళ్లిపోయింది. వెనకే చెల్లెలిని నడిపించుకొచ్చాం. చాలాసేపటికి వాడు ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాక మా అమ్మ అరుగు మీదే కూలబడింది. ఆ రాత్రే ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకెళ్లి ఆక్సిజన్ పెట్టించాం.

మమ్మల్ని మోసం చేసింది పొగ లేకపోవడమే. పొగ పోయి ఎర్రగా కణకణలాడే నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, తల తిరగడం, వికారం, మత్తు దాని లక్షణాలు. నిద్రలో ఉన్నవాళ్లకు ఇవేవీ తెలియవు. ఇంట్లో ఒకేసారి ఇద్దరు ముగ్గురికి తలనొప్పి వస్తే జలుబు అనుకోకండి, ముందు అందరినీ బయటికి తీసుకురండి, ఆపైన 108కి ఫోను చేయండి. కిటికీ కొంచెం తెరిచి పెడితే చాలదా అని అడుగుతారు. చాలదు. పడుకునే గదిలో నిప్పు ఉండకూడదు, అంతే. గాలి ఆడని స్నానాల గదిలో గ్యాస్ గీజరుకూ ఇదే మాట.

మరి పసిబిడ్డకు వెచ్చదనం ఎలా? తల్లి ఒళ్లే. తల్లి గుండెకు బిడ్డ చర్మం తగిలేలా పడుకోబెట్టి, ఇద్దరికీ కలిపి పైన కప్పాలి. బిడ్డ ముఖం మీదికి మాత్రం దుప్పటి రాకూడదు. పుట్టిన బిడ్డకు కనీసం 24 గంటల వరకు స్నానం వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ మాట చెప్పి ఇంటి పెద్దలను ఒప్పించడం చలిని ఆపడం కన్నా కష్టం.

ముసలివాళ్లకు చలి తెలియకుండానే ఎక్కుతుంది. అంతవరకు వణికినవాళ్లు వణుకు ఆగి మగతగా ఉన్నా, మాట తడబడుతున్నా, పొట్ట మీద చెయ్యి పెడితే చల్లగా తగిలినా తగ్గిందని సంతోషించకండి. ఒంటి వేడి 35 డిగ్రీల సెల్సియస్ కన్నా కిందికి పడిపోతోందని అనుమానించాలి. తడి బట్టలు మార్చి, కప్పి, తెలివి ఉంటేనే తియ్యటి వేడి పాలు ఇచ్చి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. గట్టిగా రుద్దకూడదు. ఒక గుక్క సారా పోస్తే వేడెక్కుతారన్నది తప్పుడు మాట. చర్మం కింది రక్తనాళాలు తెరుచుకుని, ఒంట్లో ఉన్న వేడి కూడా పోతుంది. రక్తపోటు ఉన్నవాళ్లు ఎండ వచ్చేవరకు నడకకు వెళ్లకపోవడం మేలు. చలికి కీళ్లు పట్టేస్తే మందుల కొట్లో నొప్పి బిళ్లలు కొని మింగడం, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మా ఉద్దానం ప్రాంతంలో అసలే వద్దు, మూత్రపిండాలకు అవి చేటు. ఉప్పు వేయించి మూటకట్టి కాపడం పెట్టండి, అయితే ముందు మీ మణికట్టు లోపలి వైపు తాకించి చూడండి. మధుమేహంతో పాదాలు మొద్దుబారినవాళ్లకు బొబ్బ లేచేదాకా కాలుతున్నట్టే తెలియదు.

స్నానానికి నీళ్లు కాచే హీటర్ రాడ్ గురించి రెండు మాటలు. ముందు నీళ్లలో ముంచి ఆపైన స్విచ్ వేయాలి. కాగాయో లేదో వేలు పెట్టి చూసే ముందు స్విచ్ ఆపి, ప్లగ్గు కూడా పీకేయాలి. ఇనుప బక్కెట్టు వద్దు.

బయట చలిమంట వేసుకునేవాళ్లు గడ్డివాములకు, కళ్లంలో కుప్పలకు దూరంగా వేసుకోండి. నైలాను చీర కొంగు, స్వెట్టరు అంచు నిప్పుకు వెనక్కి తిరిగి కూర్చున్నప్పుడే అంటుకుంటాయి. అంటుకుంటే పరుగెత్తకుండా నేల మీద దొర్లాలి. కాలిన చోట 20 నిమిషాలు మామూలు నీళ్లు పోయాలి, పేస్టూ సిరా పూయకూడదు. పలాస, కాశీబుగ్గ వైపు జీడిపిక్కల తొక్కలు చవకగా దొరుకుతాయని మంటలో వేస్తుంటారు. వాటిలోని నూనె చిటపటమని నిప్పుతో సహా ఎగురుతుంది, ఒంటి మీద పడితే పుండవుతుంది, ఆ పొగ కళ్లనూ గొంతునూ మండిస్తుంది. భోగికి టైర్లు వేసే కుర్రాళ్లకు కూడా ఈ మాట చెప్పండి, వినకపోయినా.

ఆరినట్టు కనిపించే బూడిదను నమ్మవద్దు. లోపల నిప్పు తెల్లారేదాకా ఉంటుంది. పడుకునే ముందు రెండు చెంబుల నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ ఇంకో చెంబు పోయండి.