మధ్యయుగపు ఇంగ్లీషు కావ్యం చదువుదాం – 4వ పాఠం: గావెయిన్ చలిరాత్రులు

మనం చదువుతున్నది ‘సర్ గావెయిన్ అండ్ ద గ్రీన్ నైట్’. పోయిన పాఠానికి ఆర్థర్ రాజు కొలువులోని వీరుడు గావెయిన్, రాజు కోట కామెలాట్ దాటేశాడు. పోయిన కొత్త సంవత్సరం నాడు పచ్చ వీరుడి (గ్రీన్ నైట్) తల నరికాడు కదా, తల తెగినా అతను చావలేదు; ఏడాదికి తిరిగి దెబ్బ తింటానని ఇచ్చిన మాట ప్రకారం ఈసారి తన మెడ అప్పగించాలి. అందుకు వెళ్లాల్సిన గ్రీన్ చాపెల్, అంటే పచ్చ వీరుడు రమ్మన్న చోటు, ఎక్కడుందో చెప్పేవాళ్లే లేరు. ఉత్తర వేల్స్ మీదుగా, ఆంగ్లెసీ దీవులను ఎడమ పక్కన వదిలేసి, విరల్ అడవుల్లో పడ్డాడు.

ఇక్కడ కవి చేసిన పని చూడండి. డ్రాగన్లు, తోడేళ్లు, ఎలుగుబంట్లు, రాక్షసులు... అన్నిటితో జరిగిన పోరాటాలను గబగబా కొన్ని పాదాల్లో తేల్చేశాడు. వాటికన్నా చలికాలమే ఘోరం అని, ఆ చలి దగ్గర మాత్రం ఆగాడు. 2530 పాదాల కావ్యంలో నాకు ఎంతో ఇష్టమైన చోటు ఇది. వీరుణ్ని రాక్షసుడు చంపలేకపోయాడు, వణుకు చంపేలా ఉంది! ఇవాళ్టి సాధన ఇక్కడే.

అర్థం జోలికి పోకుండా ముందు పైకి చదవండి. ‘ర’ మన ‘ర’లాగే గట్టిగా పలకాలి.

నేర్ స్లైన్ విత్ ద స్లేట్, హే స్లేపెద్ ఇన్ హిస్ ఈర్నెస్

మంచువాన దెబ్బకు చచ్చినంత పనై, ఒంటి మీది ఇనుప కవచంతోనే నిద్రపోయాడని భావం. పాదం మధ్యలో చిన్న విరామం ఉంది. దానికి ముందు రెండు ఊనికలు (గట్టిగా నొక్కి పలికే చోట్లు), తర్వాత రెండు. స్లైన్, స్లేట్, స్లేపెద్ మూడూ ఒకే మోతతో మొదలయ్యాయి. నాలుగోది, ఈర్నెస్, కలవలేదు. ఈ కావ్యంలో మామూలుగా నడిచే పద్ధతి ఇదే.

యతి అలవాటున్న చెవికి ఈ మోత తొందరగానే పట్టుబడుతుంది. కాకపోతే మన యతి స్థానాన్ని బట్టి పడుతుంది: ఉత్పలమాలలో 10వ అక్షరం, చంపకమాలలో 11వది. ఇక్కడ అక్షరాల లెక్క లేదు. మధ్యలో చిన్న మాటలు ఎక్కువా తక్కువా రావచ్చు. ఊనిక పడ్డ శబ్దమే లెక్క. తర్వాతి పాదం చదివితే సంగతి తెలుస్తుంది.

మో నిఖ్తెస్ దెన్ ఇనోఖ్, ఇన్ నాకెద్ రొక్కెస్

బోడి బండరాళ్ల మధ్య లెక్కకు మించిన రాత్రులు గడిపాడట. ఇందులో ‘న’ మోత మూడుసార్లు వినాలి. నిఖ్తెస్, నాకెద్ వెంటనే దొరుకుతాయి. మూడోది ఇనోఖ్‌లో ఉంది. ఆ మాట ‘ఇ’తో మొదలైనా బరువంతా ‘నో’ మీద పడుతుంది కాబట్టి ‘న’కారమే లెక్కకొస్తుంది. కాగితం మీద మొదటి అక్షరాలు వెతికేవాళ్లు దీన్ని దాటిపోతారు. అందుకే పైకి చదవమనేది. ఊనిక పడ్డప్పుడల్లా బల్ల మీద వేలితో కొట్టండి, నాలుగు దెబ్బలు రావాలి.

ఇక మీ వంతు.

అండ్ హెంగెద్ హేఖె ఓవెర్ హిస్ హేద్, ఇన్ హార్ద్ ఈస్ ఇక్లెస్

నీళ్లు గడ్డకట్టి, తలకు పైన గట్టి మంచు సూదుల్లా వేలాడుతున్నాయి. ‘హ’ మోత ఎన్నిసార్లు? హిస్‌ను కలపకండి, దాని మీద ఊనిక లేదు. అది తీసేసినా నాలుగు మిగులుతాయి, అంటే మామూలు కన్నా ఒకటి ఎక్కువ. విరామానికి ముందే మూడు మోతలు కూరాడు కవి. చలికి నోట్లోంచి ఆవిరి వస్తున్నట్టు లేదూ?

వచ్చే పాఠంలో ఈ పద్యం చివరనున్న ‘అల్ ఓన్’ అనే రెండక్షరాల పొట్టి పాదం, దాని వెనక అంత్యప్రాసతో వచ్చే నాలుగు చిన్న పాదాలు చూద్దాం. అందాకా ఈ మూడు పాదాలూ చూడకుండా చెప్పగలిగేలా చదవండి.